పాత కాంపౌండ్ విల్లుకి ముందు తీగ మార్చండి

పదిహేనేళ్ల నాటి కాంపౌండ్ విల్లు (చక్రాలు, కేబుళ్లతో పనిచేసేది), అల్యూమినియం బాణాలు ఉన్నాయి, టెక్సాస్‌లో జింకల సీజన్‌కి కొత్తది కొనాలా అని అడిగారు. అక్కర్లేదండీ.

ముందు లింబ్స్, అంటే విల్లులో వంగే చేతులు చూడండి. దూది ఉండతో వాటి అంచుల వెంబడి మెల్లగా రుద్దండి, పోగు పట్టుకున్న చోట చీలిక ఉన్నట్టే. అలాగైతే ఇక లాగొద్దు, షాపుకి తీసుకెళ్లండి. బాగుంటే డబ్బులు స్ట్రింగు, కేబుళ్ల మీద పెట్టండి. ఎంత మైనం రాసినా మూడేళ్లు దాటితే నేనైతే నమ్మను. బో ప్రెస్ (విల్లుని వంచి పట్టుకునే యంత్రం) లేకుండా ఇంట్లో విప్పే సాహసం మాత్రం చేయకండి. కొత్త తీగ కాస్త సాగుతుంది, పీప్ సైట్ (తీగలో ఉండే గురి రంధ్రం) పక్కకి తిరుగుతుంది. అందుకే ఆగస్టులోనే కానిచ్చేయండి, సెప్టెంబర్ ఆఖరుకో అక్టోబర్ మొదట్లోనో ఆర్చరీ సీజన్ మొదలైపోతుంది.

బాణాలు కార్బన్‌వి, మీ డ్రా వెయిట్‌కి (విల్లు లాగడానికి పట్టే బలానికి) సరిపడే స్పైన్‌వి (గట్టిదనం ఉన్నవి) తీసుకోండి. వేగం కోసం మరీ తేలికవి కొనొద్దు, అది బాణం లేకుండా తీగ వదిలి విల్లుని పాడు చేసినంత పని. 60 పౌండ్ల విల్లుకి బాణం బరువు 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) పైన ఉంటే జింకకి వినిపించే చప్పుడు కూడా తగ్గుతుంది. బ్రాడ్‌హెడ్‌లు (వేటకి వాడే బ్లేడు మొనలు) బిగించి కూడా గురి సరిచూసుకోండి, ఫీల్డ్ పాయింట్ (సాధనకి వాడే మామూలు మొన) తగిలిన చోటే అవీ తగలాలని లేదు.

గురి చూసుకునే లైట్ల సైటు కూడా కొనాలా? వచ్చే ఏడు చూద్దాం లెండి.