చాంద్ బీబీ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. అహ్మద్‌నగర్ కోట గోడ మీద చాంద్ బీబీ కత్తి దూసి నిలబడడంతో మొదలుపెట్టి, అక్కడే ముగించావు. వాక్యం నీకు వశమైంది, సంతోషం. కానీ ఆ మనిషి మాత్రం నాకు కనిపించలేదు.

ఆమె పట్టాభిషేకం జరిగిన రాణి కాదు. దక్కన్‌లోని రెండు సుల్తానుల రాజ్యాలతో ముడిపడిన మనిషి: అహ్మద్‌నగర్ ఆడపడుచు, బీజాపూర్ కోడలు. భర్త అలీ ఆదిల్‌షా పోయాక అక్కడ పసివాడైన సుల్తాను ఇబ్రహీం తరఫున పాలన చూసి, తరువాత పుట్టింటికి వచ్చి, ఇక్కడ సింహాసనానికి వారసుడైన మరో పసివాడు బహదూర్ పక్షాన నిలిచింది. పైగా మొగలులను రమ్మని పిలిచింది ఆ దర్బారులోని ఒక వర్గమే. అక్బరు కొడుకు మురాద్ 1595 చివర కోటను చుట్టుముట్టేనాటికి ఆమె ఎవరిని నమ్మగలదు? నీ కథకు ఆయువుపట్టు ఈ ప్రశ్నలో ఉంది.

మొగలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు దట్టించారు. లోపలివాళ్లకు ఉప్పంది కొన్నింటిని పాడుచేయగలిగారు కానీ, ఒకటి పేలి గోడలో పెద్ద గండి పడింది. ముసుగు వేసుకుని, కత్తి పట్టుకుని ఆమె ఆ గండిలోకి వచ్చి నిలబడింది. నువ్వు అక్కడ ఆగిపోయావు; నన్నడిగితే కథ పొద్దుగూకాక మొదలవుతుంది. ఆ రాత్రి ఆమె దగ్గరుండి గండి పూడ్పించింది. పగలంతా పోరాడి అలసిన చేతులు మళ్లీ రాళ్లెత్తుతుంటే, కాగడా వెలుగులో ఆమె ఎవరితో ఏం మాట్లాడి ఉంటుందో ఊహించు. తెల్లవారేసరికి శత్రువు ఎదుట మళ్లీ గోడ ఉంది.

ఆ తరువాతి సంధిని దాచకు. బీజాపూర్ సేనతోపాటు మన గోల్కొండ సేన కూడా సాయానికి కదిలి వస్తున్నా, 1596లో ఆమె తమ రాజ్యంలోని బేరారు ప్రాంతాన్ని మొగలులకు వదులుకుని రాజధానిని నిలుపుకుంది. అది ఓటమి అనిపించి నువ్వు వదిలేశావేమో. నాకైతే కత్తి పట్టడం కంటే ఆ నిర్ణయమే కష్టమనిపిస్తుంది.

1600లో మొగలులు మళ్లీ ముట్టడించినప్పుడు, కోట నిలవదని గ్రహించి ఆమె సంధి మాటలకు సిద్ధపడింది. ద్రోహం చేసిందన్న పుకారు నమ్మి సొంత సైనికులే ఆమెను చంపారు. అలా దూసుకొచ్చినవాళ్లలో, నాలుగేళ్ల కిందట ఆ గండికి రాయి మోసినవాడు ఒకడైనా ఉండి ఉంటాడని నా ఊహ. వాడి వైపు నుంచి ఒక్క పేజీ రాసి పంపు.