డెడికేటెడ్ ఐపీ కొంటే మెయిల్స్ స్పామ్‌లోకి పోవడం ఆగుతుందా?

ప్రశ్న: చేనేత చీరలు అమ్మే మా వెబ్‌సైట్ షేర్డ్ హోస్టింగ్‌లో (చాలా సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునే పద్ధతి) ఉంది. ఆర్డర్ మెయిల్స్ చాలామందికి స్పామ్‌లో పడుతున్నాయి. డెడికేటెడ్ ఐపీ (మా ఒక్కరికే కేటాయించే ఇంటర్నెట్ చిరునామా) తీసుకుంటే సమస్య తీరుతుందని, ఎస్ఎస్ఎల్‌కూ (సైటుకు https భద్రత) గూగుల్ ర్యాంకుకూ మంచిదని హోస్టింగ్ వాళ్లు చెబుతున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ఎస్ఎస్ఎల్ సంగతి పాతకాలం మాట. బ్రౌజర్ తనకు కావలసిన సైటు పేరు ముందే చెప్పే ఎస్ఎన్ఐ పద్ధతి వచ్చాక, ఒకే ఐపీ మీద ఎన్ని సర్టిఫికెట్లైనా నడుస్తాయి. అది తెలియనివి విండోస్ ఎక్స్‌పీ నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లాంటివే. ఇక ర్యాంకంటారా, అది అమ్మకం మాట.

మెయిల్ విషయంలో ముందు కారణం పట్టుకోవాలి. స్పామ్‌లో పడ్డ మెయిల్‌ను జీమెయిల్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూసే తనిఖీలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ 'పాస్' అని ఉండాలి. లేకపోతే హోస్టింగ్ నిర్వహణ పేజీ అయిన సీప్యానెల్‌లో 'ఈమెయిల్ డెలివరబిలిటీ'కి వెళ్లి 'రిపేర్' నొక్కండి. డీమార్క్ రికార్డు లేకుంటే విడిగా చేర్చండి. మీ డొమైన్ రికార్డులుండే డీఎన్ఎస్ హోస్టింగ్ వాళ్ల దగ్గర కాక క్లౌడ్‌ఫ్లేర్ లాంటి వేరే సంస్థ దగ్గర ఉంటే ఈ బటన్ పనిచేయదు, సీప్యానెల్ చూపించే రికార్డులను అక్కడ చేత్తో ఎక్కించాలి. ఎక్కువమంది చేసే తప్పు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టడం. అప్పుడు రెండూ చెల్లవు. అన్నిటినీ ఒకే రికార్డులో కలపాలి.

మూడూ పాసై కూడా స్పామ్‌లోకే పోతుంటే, మెయిల్ పంపిన ఐపీని, స్పామ్ పంపే ఐపీల జాబితాలు ఉంచే స్పామ్‌హౌస్ సైట్‌లో వెతకండి. పక్క ఖాతావాళ్ల చెత్త మెయిల్స్ వల్ల ఆ సర్వర్ బ్లాక్‌లిస్టులో పడి ఉండొచ్చు. అప్పుడు కూడా మందు డెడికేటెడ్ ఐపీ కాదు. చాలా షేర్డ్ సర్వర్లలో మీరు కొన్న ఐపీ సైటుకు వచ్చేవాళ్లకు గుమ్మం మాత్రమే. మెయిల్ మాత్రం సర్వర్ ప్రధాన ఐపీ నుంచే బయటికి వెళ్తుంది. సెట్టింగ్ మార్పించినా, రోజుకు నాలుగైదు ఆర్డర్ మెయిల్స్‌తో కొత్త ఐపీకి మంచిపేరు రావడం కష్టం. అమెజాన్ ఎస్ఈఎస్ లాంటి మెయిల్ పంపే సర్వీసు ద్వారా ఎస్‌ఎమ్‌టీపీతో (మెయిల్ పంపే ప్రామాణిక పద్ధతి) పంపడం మేలు.

డెడికేటెడ్ ఐపీ నిజంగా కావాల్సింది బ్యాంకో కొరియర్ కంపెనీయో ఏపీఐ (మీ సైటు వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి) కోసం 'మీ ఐపీ చెప్పండి, వైట్‌లిస్ట్ చేస్తాం (అనుమతి జాబితాలో చేరుస్తాం)' అన్నప్పుడు. అక్కడా ఇదే చిక్కుంది. బయటికి వెళ్లే కనెక్షన్లు కూడా ఈ ఐపీ నుంచే వెళ్తాయని హోస్టింగ్ వాళ్ల చేత మెయిల్‌లో రాయించుకోండి. రాయలేమంటే చిన్న వీపీఎస్ (సొంత ఐపీతో మీకే కేటాయించే వర్చువల్ సర్వర్) తీసుకోండి. మారే ముందురోజే డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ను (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించి ఉంచితే, కొత్త ఐపీ అందరికీ నిమిషాల్లో తెలుస్తుంది.