భార్యకు రాసిన వచనాన్ని భర్త చదివి వినిపించవచ్చా?

సహోదరీ, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. పెళ్ళయి ఎనిమిది నెలలైందని, జీతం పడిన రోజునే మొత్తాన్ని తన ఖాతాకు పంపమని మీ భర్త అడుగుతున్నారని, ఎందుకని అడిగితే బైబిలులో పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయం తెరిచి, భార్యలు భర్తలకు లోబడాలన్న చోట ఉన్న "ప్రతివిషయములోను" అన్న మాట మీద వేలు పెట్టి చూపిస్తున్నారని, వాక్యానికి ఎదురు చెప్పకూడదని మీ అత్తగారు కూడా అంటున్నారని రాశారు. ఇలా ప్రశ్నించడం పాపమా అన్నది మీ సందేహం. పాపం కాదు. ఈ సంగతి చెప్పడానికి నాకున్నది పాండిత్యం కన్నా అనుభవమే, ఎందుకంటే అదే వచనం మీద అలాగే వేలు పెట్టి చూపించిన భర్తను నేను.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచీ లూథరన్ సంఘంలో ఉన్నాం. 1992లో మా పెళ్ళయింది, ఇద్దరమూ బడిపంతుళ్ళమే. 1995లో మా తమ్ముడు బాపట్ల వైపు రొయ్యల చెరువు కౌలుకు తీసుకుంటానని పెట్టుబడి కోసం నా దగ్గరకు వచ్చాడు. ఆ రోజుల్లో కోస్తా అంతటా వరి పొలాలు కూడా చెరువులవుతున్న కాలం, ఒక్క పంటతో అప్పులన్నీ తీరిపోయాయని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. నా దగ్గర డబ్బు లేదు. నా భార్యకు పుట్టింటివారు పెట్టిన ఎనిమిది కాసుల బంగారం ఉంది. అది బ్యాంకులో కుదువ పెడదామని అన్నప్పుడు ఆవిడ గొడవ పడలేదు. "పక్క ఊళ్ళ చెరువుల్లో జబ్బు పడిందంటున్నారండీ, మరిదికి ఆ పని కొత్త, ఒక్క పంట ఆగి చూద్దాం" అని మాత్రమే అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనిషి అధికారాన్ని వెతుక్కుంటాడు. నేను బైబిలు తీసి ఆ వచనం చదివాను. ఆవిడ లోపలికి వెళ్ళి నగల పెట్టె తెచ్చి నా చేతికిచ్చింది.

ఆ ఏడాది తెల్లమచ్చ వ్యాధి తీరమంతా పాకింది. మా తమ్ముడి చెరువులో రొయ్యలు కొద్ది రోజుల్లోనే తేలిపోయాయి, కుదువ పెట్టిన బంగారం విడిపించుకోలేక వేలానికి పోయింది. అయితే చెరువు పోయింది కాబట్టి నాది తప్పయిందని మీరు అనుకోవద్దు. పంట పండి లాభం వచ్చి ఉంటే నా తప్పు నాకు ఎన్నటికీ తెలిసేది కాదు, కానీ అది అంతే తప్పుగా మిగిలేది. ఒక మనిషి ఆలోచించి చెప్పిన మాటను విచారించకుండా, దేవుని మాటను తెచ్చి దాని మీద మూతగా పెట్టడమే నేను చేసిన పని.

ఆ తరువాత జరిగినది బంగారం పోవడం కన్నా పెద్ద నష్టం. దాన్ని గుర్తించడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆవిడ దేనికీ అడ్డు చెప్పడం మానేసింది. పిల్లవాణ్ణి ఏ బడిలో వేద్దామన్నా, ఇల్లు మారదామన్నా, చివరికి పండుగకు ఏ చీర తీసుకుంటావన్నా "మీ ఇష్టమండీ" అనేది. మా ఇంట్లో శాంతి ఉందని, నా భార్య వాక్యప్రకారం నడుస్తోందని నేను సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఆ సాక్ష్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్నది శాంతి కాదు, ఒక మనిషి నాతో మాట్లాడటం మీద ఆశ వదులుకున్న నిశ్శబ్దం.

అప్పట్లో మా సంఘానికి ఉన్న పెద్ద పాస్టరు గారు ఒక గృహ కూడికలో ఈ అధ్యాయం బోధించారు. ఆయన కూడిక అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఇరవై రెండో వచనం కంఠతా వచ్చా?" అని అడిగారు. వచ్చని అప్పజెప్పాను. "ఇరవై అయిదు?" అన్నారు. పురుషులు తమ భార్యలను ప్రేమించాలన్నంత వరకు చెప్పి ఆగిపోయాను, ఆ తరువాతి మాటలు నోటికి రాలేదు. ఆయన నన్ను మందలించలేదు. "ఇది ఉత్తరం కదా, మాస్టారూ. ఇందులో ఒక భాగం ఆమె పేరున వచ్చింది, ఒక భాగం మీ పేరున వచ్చింది. ఎవరి పేరున వచ్చింది వారు చదువుకోవాలి. మీరు ఇన్నాళ్ళూ ఆమె ఉత్తరం చదువుతున్నారు" అన్నారు. నేను మీకు చెప్పదలచుకున్నది కూడా ఇదొక్కటే, మిగిలినదంతా దాని వివరణే.

మీ భర్తగారు వేలు పెట్టిన ఆ చోటికే వెళ్ళి చూడండి. స్త్రీలను ఉద్దేశించిన మాటలు 22 నుంచి 24 వరకు మూడు వచనాలు. 25వ వచనం నుంచి అధ్యాయం చివరి దాకా దాదాపు అంతా పురుషుల కోసమే. లోబడమని భార్యకు చెప్పిన అపొస్తలుడు పౌలు, లోబరుచుకొమ్మని భర్తకు ఎక్కడా చెప్పలేదు. భర్తకు చెప్పింది ప్రేమించమని, అదీ క్రీస్తు సంఘం కోసం తన్నుతాను అప్పగించుకొన్నట్టుగా. కొలస్సయులకు రాసిన పత్రికలో అయితే "నిష్ఠూరపెట్టకుడి" అన్న మాట కూడా తోడైంది. ఇంకొక సంగతి ఉంది. స్త్రీలతో మాట్లాడటానికి ముందే 21వ వచనంలో "ఒకనికొకడు లోబడియుండుడి" అని విశ్వాసులందరికీ చెప్పాడు. గ్రీకు చదివినవారు చెప్పేదేమంటే, అతి పురాతనమైన కొన్ని ప్రతులలో 22వ వచనంలో లోబడుడి అన్న క్రియాపదమే విడిగా లేదు, 21లోని పదమే దానికీ వర్తిస్తుంది. కాబట్టి 21ని వదిలేసి 22తో మొదలుపెట్టడం వాక్యాన్ని మధ్యలో తుంచడమే. మన తెలుగు అనువాదకులు ఇంకొక భేదాన్ని కూడా నిలిపి ఉంచారు. తరువాతి అధ్యాయంలో పిల్లలకూ దాసులకూ "విధేయులై" ఉండమని రాశారు, భార్యలకు ఆ మాట వాడలేదు. భార్య ఇంట్లో ఇంకొక బిడ్డ కాదు, ఇంకొక దాసి కాదు.

ఆ పత్రిక చేరిన ఎఫెసు పట్టణం ఇప్పటి టర్కీలో ఉంది. అప్పటి రోమా సామ్రాజ్యంలో కుటుంబ పెద్దకు ఇంట్లోని వారందరి మీదా అధికారం ఉండేది, గృహధర్మాలు రాసిన తత్త్వవేత్తలు సాధారణంగా ఆ యజమానితోనే మాట్లాడేవారు, ఇంటివారిని ఎలా ఏలాలో అతనికి నేర్పేవారు. అటువంటి చోట భార్యను నేరుగా, ముందుగా సంబోధించడం, ఆ తరువాత భర్త వైపు తిరిగి నీ సొంత శరీరాన్ని చూసుకున్నట్టు ఆమెను చూసుకోవడానికి నువ్వు బద్ధుడివని చెప్పడం ఆ పెద్దమనుషులకు ఎంత కొత్తగా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఆ కొత్తదనమంతా తీసేసి, పాత అధికారాన్ని మాత్రం మనం ఉంచుకున్నాం.

"ప్రతివిషయములోను" అన్న మాటకు మీరు భయపడుతున్నారు. నేనూ ఆ మాటనే వాడుకున్నాను కనుక దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. పేతురు తన మొదటి పత్రికలో అబ్రాహాము భార్య శారాను లోబడిన భార్యకు మాదిరిగా చూపించాడు, మన పెళ్ళి ప్రసంగాలలో ఆమె పేరు తప్పకుండా వస్తుంది. కానీ ఆదికాండము 21వ అధ్యాయంలో దేవుడే అబ్రాహాముతో, శారా చెప్పే ప్రతి విషయంలో ఆమె మాట వినమని చెప్పాడు. ఆ "ప్రతి విషయం" గురించి మాట్లాడిన పెళ్ళి ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. లోబడటానికి హద్దు లేదనేవారు సప్పీరాను కూడా గుర్తుచేసుకోవాలి. అపొస్తలుల కార్యములు అయిదో అధ్యాయంలో ఆమె భర్త అననీయ పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకున్నాడు, ఆమె అతని అబద్ధాన్నే తానూ చెప్పింది, భర్త మాట మీద నడవడం ఆమెను చావు నుంచి కాపాడలేదు. అబీగయీలు మాత్రం మూర్ఖుడైన భర్త నాబాలుకు చెప్పకుండానే, అతని మీద కోపంతో దండెత్తి వస్తున్న దావీదుకు ఆహారం తీసుకుపోయి ఇంటివారందరి ప్రాణాలు కాపాడింది. దావీదు ఆమె బుద్ధిని మెచ్చుకున్నాడని గ్రంథం చెబుతోంది.

మీ అత్తగారి మాట దగ్గరకు వస్తే, పౌలు ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయంలోనే ఆదికాండము నుంచి ఎత్తి రాసిన ఒక మాట ఉంది. పురుషుడు తన తండ్రినీ తల్లినీ విడిచి తన భార్యను హత్తుకొంటాడని. మన ఇళ్ళలో విడిచి వచ్చేది ఆడపిల్ల. అప్పగింతలప్పుడు ఏడ్చేది ఆమె, ఇంటిపేరు మార్చుకునేది ఆమె, కొత్త వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కునేది ఆమె. వాక్యం మాత్రం విడవమని మగవాడికి చెప్పింది. తల్లిదండ్రులను సన్మానించడం మానమని దాని అర్థం కాదు, ముసలితనంలో వారిని చూసుకోవలసిన బాధ్యత తీరిపోదు. మీ ఇద్దరి సంసారం గురించిన నిర్ణయం మీ ఇద్దరి మధ్యనే తేలాలని దాని అర్థం. మా తమ్ముడి చెరువు విషయంలో నేను విడవలేకపోయాను, ఆ విడవలేనితనానికి నా భార్య మూల్యం చెల్లించింది.

ఈ విషయంలో సంఘాలన్నీ ఒకే మాట మీద లేవని మీకు తెలియాలి. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ అనే ప్రొటెస్టెంట్ సంఘాల సమాఖ్య 1998లో తన విశ్వాస ప్రకటనకు కుటుంబం గురించిన భాగం చేర్చి, భర్త సేవకుని వలె నడిపించాలని, భార్య ఆ నడిపింపుకు లోబడాలని రాసుకుంది. రెండో జాన్ పాల్ పోపు 1988లో స్త్రీల గౌరవం గురించి రాసిన లేఖలో ఆ లోబడటం భార్యాభర్తల మధ్య పరస్పరమైనదని వివరించారు. క్రీస్తు సంఘానికి శిరస్సయినట్టు భర్త భార్యకు శిరస్సని 23వ వచనం చెబుతుంది. నా మట్టుకు నేను ఆ "శిరస్సు" అన్న మాటను కొట్టివేయలేను, అది వాక్యంలో ఉంది. అయితే ఆ శిరస్సు ఎవరో చూసినప్పుడు నాకు కనిపించేది శిష్యుల పాదాలు కడిగి తువాలుతో తుడిచిన ప్రభువు. ఆయనను చూపించి ఇంకొకరి జీతం అడగడం ఎలా కుదురుతుంది?

ఇక మీరు రాయని విషయం ఒకటి, రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఎప్పుడైనా మీ మీద చెయ్యి పడితే, తలుపులు వేసి నిర్బంధిస్తే, ఆ రోజు ఈ వచనాల చర్చ అవసరం లేదు, ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి. ఓర్చుకో, ప్రార్థన చెయ్యి, దేవుడు విడాకులను అసహ్యించుకుంటాడు అని చెప్పే పెద్దలు ఉంటారు. మలాకీ గ్రంథంలోని ఆ హెచ్చరిక భార్యకు ద్రోహం చేసే భర్తకు చెప్పినదని వారికి గుర్తుచేయండి. మన దేశంలో క్రైస్తవ స్త్రీకి చట్టం కూడా చాలా కాలం అన్యాయమే చేసింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపితే చాలు, భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో దాన్ని సవరించి, క్రూరత్వం ఒక్కటే తగిన కారణమని చట్టంలోనే రాశారు. 2005 నాటి గృహహింస చట్టం ఆర్థికంగా వేధించడాన్ని కూడా హింసగానే లెక్కించింది. 181 నంబరు మహిళల సహాయం కోసమే ఉంది. ఇవి తెలిసి ఉండటం విశ్వాసలోపం కాదు.

ప్రస్తుతానికి మీ ఇంట్లో ఉన్నది మాట పెడసరమే అయితే, మీ భర్తతో వాదించి గెలవాలని చూడకండి. నాతో ఎవరైనా వాదించి ఉంటే నేను ఇంకా పది వచనాలు వెతికి తెచ్చేవాణ్ణి. ఇద్దరూ కూర్చుని ఇంటి ఖర్చులు, రెండు వైపుల తల్లిదండ్రులకు ఇవ్వవలసినవి, సంఘానికిచ్చే దశమభాగం, పొదుపు అన్నీ ఒక కాగితం మీద రాసుకుందామని అడగండి. అవసరమైతే ఇద్దరికీ గౌరవమున్న, మీ ఇంటి బంధువు కాని ఒక పెద్దను కూర్చోబెట్టుకోండి, పాస్టరు గారి భార్య వంటి స్త్రీ కూడా అక్కడ ఉంటే మంచిది. మీ భర్తకు ఒక్క మనవి నా తరఫున చెప్పండి. పేతురు భర్తలకు రాసిన ఒకే ఒక్క వచనం, మొదటి పత్రిక మూడో అధ్యాయం ఏడవది, ఆయనను ఒంటరిగా చదువుకోమనండి. భార్య జీవమను కృపావరములో తనతో పాలిభాగస్తురాలని ఎరిగి ఆమెను సన్మానించమని, అలా చేస్తేనే అతని ప్రార్థనలకు అభ్యంతరం కలగదని అందులో ఉంది. నేను ఆ చెరువు కోసం ఎంతో ప్రార్థన చేశాను. ఆ వచనం మొదటిసారి నా పేరున చదువుకున్న రాత్రి నిద్రపోలేదు. తెల్లవారాక వంటింట్లోకి వెళ్ళి ఆవిడను క్షమాపణ అడిగాను. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. "ఈసారి చెప్తే వింటారా?" అని అడిగింది. "మీ ఇష్టమండీ" అన్న మాట మా ఇంట్లో తగ్గడానికి ఆ తరువాత ఇంకా చాలా కాలం పట్టింది, ఎందుకంటే నేను వింటానని ఆవిడ నమ్మాలి కదా.

ఈ జవాబు పంపే ముందు ఆవిడకు చదివి వినిపించాను. నేను మొదట బంగారం ఆరు కాసులని రాశాను, ఎనిమిదని ఆవిడ చెప్పింది, దిద్దాను. జీతం పడే ఖాతా మీ పేరుననే ఉండనివ్వమని, ఇంటి ఖర్చుకు మాత్రం ఇద్దరి పేరున వేరే ఖాతా ఒకటి తెరవమని మీకు రాయమంది.