కల్చర్ రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే ఉన్నాయి, అమ్మ బతుకుతుందా?

మీ అమ్మగారి రక్తం కల్చర్‌లో (రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చిందని, మెరోపెనెమ్ లాంటి గట్టి యాంటీబయాటిక్ కూడా పనిచేయదని రాసి, ఇక ఆశ వదులుకోవాలా అని అడిగారు. రిపోర్టులో మందు పక్కన ఆర్ ఉంటే బ్యాక్టీరియా దానికి లొంగదని, ఎస్ ఉంటే లొంగుతుందని. నేను డాక్టర్‌ని కాదు. మూడేళ్ల కిందట తిరుపతిలో ఒక ఐసీయూ బయట పదకొండు రోజులు కూర్చున్నవాణ్ని.

మా నాయనకు షుగర్, దానికి తోడు ప్రొస్టేట్ వల్ల యూరిన్ పైపు. మంట అన్నప్పుడల్లా చంద్రగిరిలో మెడికల్ షాపుకెళ్లి రెండ్రోజులకు మాత్రలు తెచ్చి వేసేవాళ్లం. అదీ మా నిర్వాకం. ఒక రాత్రి మంచం ఊగిపోయేంత వణుకుతో జ్వరం, తెల్లారేసరికి బీపీ పడిపోయింది.

రెండు చేతుల నుంచీ రక్తం తీసి కల్చర్‌కు పంపి, వెంటనే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది: ‘ఈ. కోలి’ అనే బ్యాక్టీరియా. వరండాలో నిలబడి ఆర్‌లు లెక్కపెట్టాను, పదకొండు. ఎస్‌లు నాలుగే. కాళ్లలో సత్తువ పోయింది. డ్యూటీ డాక్టరమ్మ ఆ పదకొండింటి వంక చూడనేలేదు. "పనిచేసేది ఒకటుంటే చాలు. ఈ మూడు రోజులూ అది పడలేదు, అదే నష్టం" అంది.

ప్రమాదమంతా అక్కడే ఉంది. మామూలు రకానికి మొదటి ఇంజెక్షనే పనిచేస్తుంది. మొండి రకానికి రిపోర్టు వచ్చేదాకా రోజులు ఊరికే పోతాయి, ఈలోగా కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక అంచనా.

మా నాయనకు మెరోపెనెమ్ పడింది, పైపు మార్చారు, రెండ్రోజులకు జ్వరం దిగింది. మీ అమ్మగారికి అదీ ఆర్ అంటే మాకంటే కష్టమైన కేసే, దాచను. కానీ దారులున్నాయి. కొలిస్టిన్ అనే మందు ఇస్తే కిడ్నీల మీద పడొచ్చు, అందుకే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తూ ఉంటారు. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే మందు ఉంది, ఎన్‌డీఎమ్ (మెరోపెనెమ్ లాంటి మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్) ఉన్న రకమైతే దానికి అజ్‌ట్రియోనామ్ అనే ఇంకో మందు కలుపుతారు. ఖరీదు వింటే గుండె గుభేలుమంటుంది. ఇప్పుడు ఇస్తున్న మందు రిపోర్టులో ఎస్ ఉన్నదేనా, ఇన్‌ఫెక్షన్ ఎక్కడ మొదలైంది, పాత పైపులు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) తీసేశారా అని అడగండి. విసుక్కున్నా అడగండి.

రిపోర్టు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. పోయినేడు మా నాయనకు మళ్లీ జ్వరమొస్తే, వేరే ఆస్పత్రిలో ముందు అడిగింది దాన్నే. ఆ రాత్రే మెరోపెనెమ్ ఎక్కించారు.