చెన్నై నెహ్రూ ఇండోర్ స్టేడియం ఎప్పుడు, ఎందుకు కట్టారు?

1995 డిసెంబర్‌లో మద్రాసులో జరిగిన దక్షిణాసియా క్రీడల కోసం. అప్పటికింకా ఊరి పేరు చెన్నైగా మారలేదు.

మనవాళ్లు చాలామంది దీన్నీ పక్కనున్న ఓపెన్ స్టేడియాన్నీ కలిపేస్తారు, పేరు ఒకటే కాబట్టి. చరిత్ర ఎక్కువున్నది ఆ ఓపెన్ స్టేడియానికే. అది ఒకప్పటి కార్పొరేషన్ స్టేడియం, 1956 జనవరిలో న్యూజిలాండ్‌పై వినూ మన్కడ్, పంకజ్ రాయ్ ఓపెనర్లుగా దిగి 413 పరుగులు కొట్టింది అక్కడే, ఆ రికార్డు 2008 దాకా ఎవరూ దాటలేదు! తర్వాత టెస్టులు మళ్లీ చేపాక్‌కి వెళ్లిపోయాయి, ఇక్కడ ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ మిగిలాయి.

ఇండోర్ హాలుకొస్తే, 2017లో తమిళ్ తలైవాస్ ప్రో కబడ్డీలోకి వచ్చిన తొలి సీజన్‌లో సొంతగడ్డ ఇదే. సినిమా వేడుకలు, సంగీత కచేరీలు సరేసరి. నా దృష్టిలో దీనికి అసలు పేరు తెచ్చింది మాత్రం 2022 చెస్ ఒలింపియాడ్. ఆటలు మామల్లపురంలో జరిగాయి గానీ ప్రారంభం, ముగింపు ఇక్కడే. మన కోనేరు హంపి, నిండు గర్భిణిగా ఆడిన ద్రోణవల్లి హారిక ఉన్న మహిళల జట్టుకి కాంస్యం వచ్చింది కూడా ఆ ఒలింపియాడ్‌లోనే.

సెంట్రల్‌లో రైలు దిగితే స్టేడియం దగ్గరే, రిప్పన్ బిల్డింగ్ వెనకవైపు పెరియమేట్‌లో ఉంటుంది, సామాను లేకపోతే ఆటో అక్కర్లేదు. టికెట్ మీద 'ఇండోర్' అని ఉందో లేదో చూసుకుని వెళ్లండి.