చదరపు వజ్రం: మూలను కప్పాలి, తాకకూడదు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

అర క్యారెట్ ప్రిన్సెస్ కట్ వజ్రాన్ని, అంటే నాలుగు మూలల చదరపు రాయిని, ఉంగరానికి పొదగమని మొదటిసారి నీ చేతికిచ్చారన్నావు. గుండ్రటి రాళ్లు పొదిగిన చెయ్యే, పని రాక కాదు, ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. గుండ్రటి రాయిని ఎటు నొక్కినా అంచంతా ఒకేలా మొండిగా ఉంటుంది. చదరపు రాయిలో మూల చాలా పలచన. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు చీలుతుంది. కాబట్టి ప్రాంగ్, అంటే రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం, మూలను కప్పాలే తప్ప తాకకూడదు. ఒత్తిడంతా మూలకు అటూ ఇటూ ఉన్న పక్కల మీద పడాలి. కింద రాసేదంతా దీనికోసమే.

ముందు రాయిని చూడు. పది రెట్లు పెద్దగా చూపే లూప్ (భూతద్దం) కింద నాలుగు మూలలూ పైనుంచీ పక్కనుంచీ చూసి, గర్డిల్ (రాయి నడుము అంచు) ఎక్కడ పలచగా ఉందో, మూల దగ్గర సన్నటి చీలిక ఏమైనా ఉందో కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టు. లోపం కనబడితే పొదగకముందే యజమానికి చూపించు. తర్వాత చూపిస్తే నువ్వే విరగ్గొట్టావంటారు, కాదని నిరూపించలేవు. రెండు వైపులా కొలువు. అర క్యారెట్ రాయి సుమారు 4.4 మిల్లీమీటర్లుంటుంది గానీ ఒక వైపు 4.40, రెండోది 4.32 ఉండటం మామూలే. అందుకే ఏ మూల ఏ ప్రాంగ్‌లోకో ముందే ఖాయం చేసుకుని, చివరిదాకా మార్చకు. లోతు కూడా ఎక్కువ, 3 మిల్లీమీటర్లు దాటుతుంది. కింది మొన వేలికి గుచ్చుకోకుండా హెడ్ (ప్రాంగ్‌లున్న గూడు) ఎత్తు సరిపోతుందో చూసుకో.

మౌంట్ (రాయిని పొదిగే ఉంగరం) 18 క్యారెట్ల బంగారమే అయి ఉండాలి. మనవాళ్లు 916లోనే కావాలని పట్టుబడతారు. 22 క్యారెట్ల బంగారం మెత్తన, సన్నటి ప్రాంగ్ కొన్నాళ్లకే వంగిపోతుంది, ఒప్పుకోకు. ఉంగరం సైజు మార్చేదీ, టంకం పెట్టేదీ ఉంటే రాయి ఎక్కకముందే ముగించు.

ఇక సీటు, అంటే ప్రాంగ్‌లలో రాయి కూర్చునే గాడి. డివైడర్‌తో నాలుగు వీ ప్రాంగ్‌ల (V అక్షరంలా నడుమ మడత, అటూ ఇటూ రెక్కలు ఉన్నవి) లోపలా ఒకే ఎత్తున గీత పెట్టు. హార్ట్ బర్‌తో (లోహాన్ని కోసే చిన్న తిరుగుడు పనిముట్టు) మొదట పైపైన కోసి, రాయి పెట్టి చూసి, మళ్లీ కొయ్యి. గాడి లోతు ప్రాంగ్ మందంలో మూడో వంతు చాలు. సగం దాటిందంటే ఆ ప్రాంగ్ వంచేటప్పుడే విరుగుతుంది, లేదా ఏ తలుపు గడియకో తగిలి విరుగుతుంది. ప్రిన్సెస్ రాయి గర్డిల్ కింద నిటారుగా దిగుతుంది, పొట్ట ఉబ్బి ఉంటుంది. గుండ్రటి రాయికి కోసినట్టు కోస్తే పొట్ట తగిలి రాయి ఊగుతుంది. గర్డిల్ కింద లోహాన్ని కొంచెం ఎక్కువ తియ్యాలి.

తర్వాతి పనిని చాలామంది వదిలేస్తారు. వీ లోపలి మడతలో, సరిగ్గా గర్డిల్ ఎత్తున, 0.5 మిల్లీమీటర్ల బాల్ బర్‌తో చిన్న గుంట తియ్యి. మూల కొస ఆ గుంటలో గాలిలో ఉండాలి. సీటంతా మార్కర్ ఇంకు పూసి, ఆరాక మైనం పుల్లతో రాయి దించి, వేలితో మెల్లగా అదిమి తియ్యి. ఇంకు చెరిగిన చోట లోహం మెరుస్తుంది. ఆ మెరుపు రెండు రెక్కల మీదా ఉండి, మడత నల్లగానే ఉంటే సీటు కుదిరినట్టు. మడతలో మెరిస్తే మళ్లీ బర్ పెట్టు. పొదిగేముందు గాడిలో బంగారు పొడి లేకుండా బ్రష్ చెయ్యి. మూల కింద ఒక్క రజను ఇరుక్కున్నా రాయి పెళ్లుమనేది అక్కడే.

రాయి దించాక టేబుల్ (రాయి పైనున్న చదును ముఖం) సమంగా ఉందో పక్కనుంచి చూసి, ఉంగరాన్ని లక్కలో గట్టిగా బిగించు. ప్రాంగ్‌లు ఎదురెదురుగా, ఒకటీ మూడూ, తర్వాత రెండూ నాలుగూ, ఒక్కో విడత కొంచెం కొంచెంగా నెట్టు. మూడు నాలుగు విడతలు పడుతుంది. పుషర్‌ను (ప్రాంగ్‌ను నెట్టే పనిముట్టు) మడత కొస మీద పెట్టకు, రెక్కల మీద పెట్టు. ప్లయర్స్‌తో ఎదురు మూలలు రెండూ కలిపి పిండే అలవాటు ఉంటే మానెయ్. తెల్ల బంగారం, అందులోనూ నికెల్ కలిసినది, స్ప్రింగులా వెనక్కి వస్తుంది. బలం పెంచే బదులు ప్రాంగ్ వెనక వైపు కాస్త పలచన చేసి నెట్టు.

కొసలు దిద్దడానికి ఒక పక్క పళ్లు లేని ఆకురాయి వాడు. ఆకురాయి వజ్రాన్ని గీయలేదు గానీ దాని అంచు మూలకు టక్కున తగిలితే చాలు, మూల విరుగుతుంది.

పరీక్ష పాలిష్ అయిన వెంటనే చేస్తే మోసపోతావు. పాలిష్ జిడ్డు వదులుగా ఉన్న రాయిని కూడా అంటించి ఉంచుతుంది. ఏ ప్రాంగ్ వదులైనా అప్పుడు తెలియదు. అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగి, ఆరబెట్టి, పట్టకారుతో గర్డిల్ దగ్గర పట్టుకుని తిప్పడానికి చూడు. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టు. చిన్న చప్పుడు వినబడినా మళ్లీ లక్కలో పెట్టు. ఆఖర్న కాస్త దూది ప్రాంగ్‌ల మీదుగా లాగు. పోగు పట్టుకున్న చోటే రేపు పట్టుచీర జరీ పట్టుకుంటుంది, అక్కడ ఇంకోసారి రబ్బర్ వీల్ తిప్పు.

సీటు కోశాక, రాయి ఎక్కించకముందు, ఇంకు గుర్తులున్న ఫొటో పంపు.

ఇట్లు
మీ మావయ్య