మన వెనకనున్న గదిని ముందుకు తెచ్చిన అద్దం

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియంలో మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టాల జంట శిల్పం వెనక అద్దం ఉండబట్టే మార్గరెట్టా మనకు కనిపిస్తుంది. ఇటలీ అవాంగార్డ్ (పాత పద్ధతులను కాదని కొత్త దారులు తొక్కిన) చిత్రకారుడు మికెలాంజెలో పిస్టొలెట్టో అద్దాలనే చిత్రాలుగా నిలబెట్టాడని చదివాను. అద్దం ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది కదా, అందులో చిత్రకారుడు చేసిన పని ఏమిటి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: సాలార్‌జంగ్ మ్యూజియంలోని అద్దం ఒక అవసరం కోసం పెట్టినది. ఒకే మొద్దులో ఒకవైపు పురుషుడినీ, మరోవైపు స్త్రీనీ చెక్కారు కనుక, చుట్టూ తిరగకుండానే రెండు వైపులా చూడటానికి అది సాయపడుతుంది. ఆ అద్దంలో మన ముఖమూ పడుతుంది గాని, దాన్ని మనం శిల్పంలో భాగంగా ఎంచము. పిస్టొలెట్టో సరిగ్గా అలా లెక్కలోకి రాకుండా మిగిలిపోయేదాన్నే, అంటే చూసే మనిషినీ ఆ మనిషి వెనకనున్న గదినీ, చిత్రంలోకి తెచ్చాడు.

ఆయన 1933లో ఉత్తర ఇటలీలోని బియెల్లా పట్టణంలో పుట్టాడు. తండ్రి చిత్రకారుడే కాక, పాత చిత్రాలను బాగుచేసే పనివాడు కూడా. కొడుకు పద్నాలుగో ఏట నుంచే టురిన్‌లో ఆ పనికి తోడయ్యాడు. మధ్యయుగపు క్రైస్తవ చిత్రాలలో దేవతామూర్తుల వెనక బంగారు రేకు పరుస్తారు. మనిషి రూపం వెనక మెరిసే ఖాళీ అన్న ఆలోచన అక్కడి నుంచే ఆయనలో పాదుకున్నదని నా నమ్మకం. 1950ల చివరికి ఆయన తన రూపాన్నే గీస్తూ, వెనక బంగారు, వెండి, నల్ల రంగులు పూయడం మొదలుపెట్టాడు. 1961లో, మెరిసే వార్నిష్‌తో నున్నగా నల్లబరచిన ఒక పటం మీద ముఖం గీయబోతే, ఆ నలుపులోంచి తన ముఖమే ఎదురు వచ్చింది. 'వర్తమానం' అని ఆయన పేరు పెట్టిన చిత్రాల వరుస ఆ సందర్భంలోనే పుట్టింది. మరుసటి ఏడు వార్నిష్‌ను వదిలి, అద్దంలా మెరుగుపెట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు పలకను చేపట్టాడు. నిలువెత్తు కొలతకు పెంచిన ఫొటో ఆధారంగా పలుచని టిష్యూ కాగితం మీద మనిషి రూపాన్ని కుంచెతో చిత్రించి, ఆ రూపాన్ని పలక మీద అతికించాడు. మిగతా పలకంతా ఖాళీగా ఉంచాడు. ఈ చిత్రాలను 1963లో టురిన్‌లోని గలాటెయా గ్యాలరీలో ప్రదర్శించాడు.

ఇందులోని విశేషం తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. పదిహేనో శతాబ్దపు ఫ్లోరెన్స్‌లో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ, నగరంలోని బాప్తిస్మ మందిరాన్ని ఒక చిన్న పలక మీద చిత్రించి, దానికి రంధ్రం చేసి, పలక వెనకనుంచి ఆ రంధ్రంలో కన్ను పెట్టి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో ఆ చిత్రాన్ని చూడమన్నాడని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది. ఆకాశం ఉండవలసిన చోట రంగుకు బదులు మెరుగుపెట్టిన వెండి ఉంచాడట, నిజమైన మబ్బులు అందులో కదలాలని. ఐరోపా చిత్రకళను శతాబ్దాల పాటు నడిపిన పర్‌స్పెక్టివ్ పద్ధతికి (దూరం పెరిగేకొద్దీ వస్తువులను చిన్నవిగా గీసి, చదునైన పటంలో లోతు చూపించే పద్ధతికి) పునాదిగా చెప్పే ఈ ప్రయోగంలోనే అద్దం ఉంది. కాని అక్కడ దాని పని కంటిని ఒకే బిందువు దగ్గర కట్టిపడేయడం. అప్పటి నుంచి చిత్రమంటే ముందుకు తెరుచుకునే కిటికీ అయింది. చూసేవాడు ఇవతల, లోకం అవతల. పిస్టొలెట్టో పలక ముందు నిలబడితే దృష్టి ముందుకు వెళ్తూనే వెనక్కి మళ్లుతుంది: మన వీపు వెనకనున్న తలుపు, దాని గుండా లోపలికి వచ్చే మనిషి, ఎదుటి గోడ మీది దీపం, అన్నీ చిత్రం లోతులోకి చేరుతాయి.

ఈ పలకలు సాధారణంగా మనిషి ఎత్తును మించి, అడుగు అంచు నేలకు ఆనుకునేలా ఉంటాయి కనుక, మనం నిలబడ్డ నేల ఎక్కడా తెగకుండా లోపలికి సాగుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. సమతల దర్పణంలో మన ప్రతిబింబం, మనం అద్దానికి ఎంత ముందున్నామో అంత వెనక ఏర్పడుతుంది. అతికించిన బొమ్మ మాత్రం అద్దం ఉపరితలం మీదే ఉంటుంది. అంటే మనం ఎంత దూరం జరిగినా, ఎంత దగ్గరికి వచ్చినా, ఆ బొమ్మ మనకూ మన ప్రతిబింబానికీ సరిగ్గా నడిమధ్యే నిలబడి ఉంటుంది. ఆయన బొమ్మల్లో చాలామంది మనవైపు వీపు తిప్పి, లోపలికి చూస్తుంటారు. వాళ్లు చూస్తున్నది మనల్నే. 1965లో చేసిన 'వియత్నాం' అనే చిత్రంలో (ఇది హ్యూస్టన్‌లోని మెనిల్ కలెక్షన్‌లో ఉంది) ఊరేగింపులో బ్యానరు పట్టుకుని నడుస్తున్న ఇద్దరు కనిపిస్తారు. దాని ముందుకు వెళ్లిన వాళ్లెవరైనా, ఇష్టం ఉన్నా లేకున్నా, ఆ ఊరేగింపులో ఉన్నట్టే. నా దృష్టిలో ఆయన పద్ధతికి ఇంతకంటే గట్టి ప్రయోజనం మరే చిత్రంలోనూ లేదు.

ప్రశ్న: మామూలు గాజు అద్దం చవకగా దొరుకుతుండగా స్టీలు పలక ఎందుకు?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, ఏలూరు

జవాబు: గాజు అద్దంలో కాంతిని తిప్పికొట్టే పూత గాజుకు వెనకవైపు ఉంటుంది. దాని ముందు వేలు ఆనించి చూడండి, వేలికీ దాని ప్రతిబింబానికీ మధ్య సన్నని ఎడం కనిపిస్తుంది. గాజు మీద బొమ్మ అతికిస్తే ఆ ఎడం వల్ల అది గదిలో కలవక, పైన అంటించిన కాగితంలా విడిగా తేలుతుంది. స్టీలులో ఉపరితలమే అద్దం కనుక ఆ ఎడం ఉండదు. అదీగాక స్టీలు ప్రతిబింబం గాజు అద్దంలోకంటే కొంచెం మసకగా ఉంటుంది. రంగువేసిన మనిషీ ప్రతిబింబించిన మనిషీ ఒకే వెలుతురులో ఉన్నట్టు తోచడానికి ఆ మసక కూడా సాయపడుతుంది. 1970ల నుంచి కుంచె పనికి బదులు ఫొటోను సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో (సన్నని జాలీ గుడ్డ గుండా రంగును ఒత్తి) నేరుగా పలక మీద అచ్చువేయసాగాడు. ఆ తరువాతి పలకల్లో ఖచ్చితత్వం పెరిగింది గాని, తొలినాటి టిష్యూ కాగితం మీది చేతిపని మెత్తదనం నాకు వాటిలో కనిపించదు.

ప్రశ్న: జపాన్ కళాకారిణి యయోయి కుసామా అద్దాల గదులు కూడా ఇదే కోవకు చెందుతాయా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: కాలం ఒకటే, దారి వేరు. కుసామా 1965లో న్యూయార్క్‌లోని క్యాస్టెలేన్ గ్యాలరీలో గోడలన్నీ అద్దాలు చేసి, నేలంతా ఎర్ర చుక్కల గుడ్డతో కుట్టిన మెత్తటి ఆకారాలు నింపింది. ఎదురెదురు అద్దాల మధ్య ప్రతిబింబానికి ప్రతిబింబం పుడుతూ ఆ చుక్కల ఆకారాల నేల పొలంలా అంతులేకుండా పరుచుకుంటుంది. మనిషి అందులో కరిగిపోవాలన్నదే ఆమె ఆశయం. పిస్టొలెట్టో అద్దంలో మనిషి కరగడు, తాను నిలబడ్డ చోటును గుర్తిస్తాడు.

అయితే ఆయన కూడా అనంతాన్ని ముట్టుకున్నాడు. 1966లో చేసిన 'ఘనమీటరు అనంతం' అన్న కృతిలో ఆరు అద్దాలను మెరిసే ముఖాలు లోపలికి ఉండేలా పెట్టె ఆకారంలో నిలిపి, తాడుతో బిగించి కట్టాడు. మనకు అద్దాల వెనకభాగాలే కనిపిస్తాయి. లోపల ప్రతి ముఖమూ మిగతా ముఖాలకు ఎదురుగా ఉంది, కాని వెలుతురు పోయే దారి లేదు, కన్ను పెట్టే రంధ్రం లేదు; రంధ్రం చేసిన క్షణంలో లోపల ప్రతిబింబించేది ఆ రంధ్రమే అవుతుంది. చూడటానికి వీలులేని స్థలాన్ని తర్కంతో మాత్రమే ఊహించుకొమ్మని చెప్పే ఈ పెట్టెను ఆయన పనుల్లో అన్నిటికంటే సాహసమైనదిగా నేను భావిస్తాను. 1970ల మధ్యలో ఆయన ఒక అద్దాన్ని రెండుగా కోసి, రెండు ముక్కలనూ పుస్తకంలా తెరిచి నిలబెట్టాడు. వాటి మధ్య కోణం 90 డిగ్రీలైతే ఒక వస్తువుకు 3 ప్రతిబింబాలు, 60 అయితే 5, 45 అయితే 7 కనిపిస్తాయి. ఒకటిగా ఉన్న అద్దం తనను తాను చూసుకోలేదు. విభజిస్తేనే గుణించడం సాధ్యమవుతుంది. 2009లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో 22 పెద్ద అద్దాలు నిలబెట్టి, ప్రేక్షకుల ఎదుటే వాటిలో 20 పగలగొట్టాడు. చూసిన కొందరికి అది విధ్వంసంగా తోచి ఉండవచ్చు. కాని గోడకు మిగిలిన ప్రతి పెంకూ, ఎంత చిన్నదైనా, అద్దంగా పనిచేస్తూనే ఉంది. ఆ గది తగ్గలేదు, అనేక కోణాలుగా విడిపోయింది.

ప్రశ్న: ఈ చిత్రాలను పుస్తకాల్లోనో ఫోనులోనో చూస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: పరిచయానికి సరిపోతుంది, అనుభవానికి సరిపోదు. ఫొటో తీసిన మరుక్షణం ఆ ప్రతిబింబం గడ్డకట్టి, అతికించిన బొమ్మతో సమానమైపోతుంది. అందుచేత ఒకే చిత్రం ఒక పుస్తకంలో ఖాళీ గదితోనూ, మరో పుస్తకంలో జనంతోనూ కనిపిస్తే రెండు చిత్రాలని పొరబడకండి. అచ్చయిన ఫొటో చూసేటప్పుడు అందులో ఏది చిత్రకారుడు ఉంచినది, ఏది ఆ రోజు గదిలో ఉన్నది అని వేరుచేసి చూడటం అలవాటు చేసుకోండి. కెమెరా ఎక్కడ నిలిచిందో కూడా కనిపెట్టడానికి ప్రయత్నించండి. ఎప్పుడైనా అసలు చిత్రం ముందు నిలబడే అవకాశం వస్తే, ఎదురుగా నిలబడి చూసి ఊరుకోకుండా, పక్కకు జరిగి, మీరు ప్రతిబింబంలోంచి తప్పుకున్నాక మిగిలే గదిని కూడా చూడండి.